టైలరు బాబాయి అరుగు మీద సినిమా కబుర్లు

తెనాలిలో పుట్టి పెరిగినవాళ్ళకు సినిమా మీద ఉన్న మమకారానికి కారణం వెతకనక్కరలేదు. విజయా సంస్థలో నాగిరెడ్డిగారికి తోడుగా నిలిచిన చక్రపాణిగారు మా ఊరివారు. ఊరికి దగ్గర్లోని బుర్రిపాలెం నుంచి వెళ్ళిన కృష్ణగారు 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమైన ‘అల్లూరి సీతారామరాజు’ను, 1986లో తొలి 70 ఎంఎం చిత్రమైన ‘సింహాసనం’ను తీసుకువచ్చారు. నటి శారదగారిది కూడా ఈ ఊరే. అందుచేత సినిమా గురించి మాట్లాడే హక్కు పుట్టుకతోనే వచ్చిందన్నంత ధీమా మా వీధి పెద్దలకు ఉండేది. వాళ్ళ మాటలు రాసి పెట్టుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ పెద్దల్లో ఎక్కువమంది ఇప్పుడు లేరు. సినిమా తీసినవాళ్ళ పేర్లు పుస్తకాలకెక్కుతాయి గాని, చూసి వచ్చి అరుగు మీద కూర్చుని దాన్ని పొరలు పొరలుగా విప్పి చెప్పినవాళ్ళ మాటలు ఎక్కడా మిగలవు.

1980ల మొదట్లో మా వీధి మలుపులో ఒక కుట్టుపని దుకాణం ఉండేది. వయసుతో నిమిత్తం లేకుండా అందరూ దాని యజమానిని టైలరు బాబాయి అనేవారు. ఫస్ట్ షో వదిలేవేళకు ఆయన మిషను మీద గుడ్డ కప్పి, దీపం మాత్రం ఉంచి, బయట అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. హాలు నుంచి ఇళ్ళకు పోయే దారి అదే కావడంతో చూసి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అక్కడ ఆగేవారు. సంగీతం చెప్పే హార్మోనియం మాస్టారు, రైసు మిల్లు గుమాస్తాగారు, ఒక సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసే, మా అమ్మకు వరుసకు తమ్ముడయ్యే మామయ్య (ఆయన డ్యూటీ లేని పూటల్లోనే వచ్చేవాడు), మా ఈడు పిల్లలం కొందరం. అక్కడ ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలకు విలువ ఉండేది కాదు. ఎవరైనా అలా అని ఊరుకోబోతే, “ఏం బాగుందిరా, అది చెప్పు” అని టైలరు బాబాయి పట్టుకునేవాడు. చెప్పలేకపోతే వదిలేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. చెప్పేదాకా కళ్ళలోకి చూస్తూ కూర్చునేవాడు.

ఆ అరుగు మీద నేను గమనించినదొకటుంది. ఎవరి చేతిపనిని బట్టి వాళ్ళు సినిమా చూసేవారు. ఒకే సన్నివేశం మధ్యలో నాయిక జాకెట్టు చేతుల పొడవు మారితే, ఆ ముక్కలు వేరువేరు రోజుల్లో తీశారని టైలరు బాబాయి ఇట్టే చెప్పేసేవాడు. జమీందారు పాత్ర మనిషి చిట్టా పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాస్తున్న తీరు చూసి, ఈయన జన్మలో పద్దు రాసినవాడు కాదని గుమాస్తాగారు తేల్చేసేవారు. మొదట్లో ఇవి తప్పులు పట్టడాలుగా నాకు వినిపించేవి. పోను పోను అర్థమైందేమిటంటే, తమకు బాగా తెలిసిన చోటు నుంచి వాళ్ళు తెరలోకి ప్రవేశిస్తున్నారు, ఆ చోట నిజం కనిపిస్తే చాలు, మిగిలిన కథకంతటికీ మనసు ఇచ్చేస్తున్నారు.

‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పేరున్న కథానాయకుడు లేడు, ఉన్న ప్రధాన పాత్రధారి వయసు మళ్ళినవాడు, పైగా ప్రభుత్వోద్యోగం చేసుకుంటున్న జె.వి. సోమయాజులుగారు. మొదటి రోజుల్లో హాళ్ళు నిండలేదు. నోటి మాటే దాన్ని నిలబెట్టిందని తర్వాత అందరూ రాశారు. ఆ నోటి మాట ఎలా ఉంటుందో మా వీధిలో నేను కళ్ళారా చూశాను. మాస్టారు ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి అరుగు మీద చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి మమ్మల్ని దగ్గరికి పిలిచి, “రార వేణుగోపబాల స్వరజతి గుర్తుందా?” అని అడిగారు. ఆయన దగ్గర పాఠం మొదలుపెట్టిన ప్రతి పిల్లా పిల్లవాడూ గొంతు అరిగిపోయేదాకా పాడిన స్వరజతి అది. “అది బిలహరి రాగం. దొరకునా ఇటువంటి సేవ కూడా బిలహరే. మీరు పొద్దున్నే నా ముంగిట్లో కూర్చుని నేర్చుకున్న స్వరాలతోనే ఆ పాట కట్టారు. వెళ్ళి విని రండి” అన్నారు. మేము వెళ్ళాం. ఉదయపు రాగాన్ని కథ అస్తమించే చోట వాడుకున్న సంగీత దర్శకుడు మహదేవన్‌గారి ఆలోచన అప్పటికి నాకు పూర్తిగా అందలేదు గాని, తెర మీద వినిపిస్తున్న రాగానికీ మా వీధిలో తాటాకు పందిరి కింద వినిపించే రాగానికీ చుట్టరికం ఉందన్న సంగతి మాత్రం ఒళ్ళు జలదరించేలా తెలిసింది. సోమయాజులుగారి పాత్ర శంకరశాస్త్రికి పాడిన బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయ సంగీతం క్రమపద్ధతిలో నేర్చుకున్నవారు కాదని, మహదేవన్‌గారి సహాయకుడు పుహళేంది దగ్గరుండి సాధన చేయించారని మాస్టారే తర్వాతెప్పుడో చెప్పారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్నది ఒక గురువుకు ఇంకో గురువు మీద ఉండే గౌరవం.

అదే సినిమా గురించి టైలరు బాబాయి అన్నది వేరు. శంకరశాస్త్రి ఒంటి మీద పంచె, ఉత్తరీయం తప్ప కుట్టుపని ఉన్న బట్ట పెద్దగా కనిపించదని, అయినా ఆ మనిషి లేచి నిలబడితే మహారాజులా ఉన్నాడని, ఆ నిండుతనం కత్తెరతో తెచ్చేది కాదని అన్నాడు. ఆపరేటరు మామయ్య మాత్రం వెలుతురు గురించే మాట్లాడాడు. ప్రొజెక్టర్ గదిలో యంత్రం చప్పుడుకు మాటలు సరిగా వినపడవు కాబట్టి ఏ సినిమానైనా ఆయన ముందు కళ్ళతోనే చదివేవాడు. “ఈ సినిమాకు లైటు వేసినట్టే లేదురా. కిటికీలోంచి ఎండ వస్తే ఎంత పడుతుందో అంతే పడింది” అన్నాడు. ఛాయాగ్రాహకుడు బాలు మహేంద్ర పేరు నేను మొదటిసారి శ్రద్ధగా విన్నది ఆ పూటే.

మామయ్య నన్ను ఒకసారి తన గదిలోకి తీసుకువెళ్ళాడు. రెండు ప్రొజెక్టర్లు, వాటి వెనక దీపపు పెట్టెల్లో ఎదురెదురుగా బిగించిన కార్బన్ కడ్డీలు, వాటి కొనల మధ్య పుట్టే, నేరుగా చూడలేని తెల్లటి మంట. కడ్డీలు కాలుతూ కురచబడిపోతాయి గనుక వాటి మధ్య ఎడం చూసుకుంటూ దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరుపాటుగా ఉంటే తెర పచ్చబడి మసకబారుతుంది. వెయ్యి అడుగుల రీలు సుమారు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రీలు అయిపోవచ్చేసరికి తెర కుడివైపు పై మూలలో చిన్న గుండ్రటి చుక్క ఒకటి తళుక్కుమంటుంది, అది చూసి రెండో ప్రొజెక్టర్ మోటారు తిప్పాలి. కొద్ది సెకన్లకు ఇంకో చుక్క వస్తుంది, అప్పుడు దీని వెలుగు మూసి దాని వెలుగు వదలాలి. విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీ కార్యాలయం నుంచి పెట్టె వచ్చిన రోజున ఆయన ముందుగా ప్రింటును వేళ్ళ మధ్య పోనిస్తూ అతుకులు తడిమి చూసుకునేవాడు. ఏ రీలులో ఎక్కడ జనం నవ్వుతారో, ఎక్కడ ముక్కులు చీదుకుంటారో తన చిన్న గాజు కిటికీలోంచి ఆటకొకసారి చూసేవాడు కాబట్టి, ఒక సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో ఆయన చెప్పిన మాట మా వీధిలో ఎవరూ కాదనేవారు కాదు.

ఆడవాళ్ళ మాటలు అరుగు మీదికి వచ్చేవి కావు. వాళ్ళు మ్యాటినీకి వెళ్ళేవారు. మాటలన్నీ మర్నాడు పెరట్లో, గోంగూర ఆకు దూస్తూనో బియ్యంలో రాళ్ళు ఏరుతూనో సాగేవి. నన్నడిగితే మా వీధిలో సినిమాను అందరికన్నా సూక్ష్మంగా చూసినవారు ఆ పెరట్లోనే ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ మా నాయనమ్మ. మోకాళ్ళ నొప్పులతో హాలుకు వెళ్ళడం మానేసిన తర్వాత ఆమెకు సినిమా చెప్పే పని నాది. రాత్రి భోజనాలయ్యాక ఆమె మంచం పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పాలి. కథ మాత్రం చెబితే ఒప్పుకునేది కాదు. ఆ పిల్ల వచ్చినప్పుడు వంటింట్లోంచి వచ్చిందా, వీధిలోంచి వచ్చిందా. ఆ మాట అన్నప్పుడు నిలబడి ఉందా, కూర్చుని ఉందా. వాన ముందు నుంచే పడుతోందా, అప్పుడు మొదలైందా అని అడిగేది. ఆమె అడుగుతుందన్న ఎరుకతోనే నేను హాల్లో కూర్చునేవాణ్ణి.

‘సాగరసంగమం’ 1983 జూన్ 3న వచ్చింది. అరుగు మీద దాని గురించి రోజుల తరబడి మాట్లాడుకున్నారు. తాగుడుకు బానిసైన నర్తకుడు బాలు పాత్రలో కమల్‌హాసన్ పాట నడుస్తుండగా బావి అంచు మీద అడుగులు వేసే సన్నివేశం గురించి, ఇళయరాజా బాణీల గురించి, నిర్మాత ఏడిద నాగేశ్వరరావుగారి సాహసం గురించి, దర్శకుడు విశ్వనాథ్‌గారు పుట్టిన పెదపులివర్రు మనకెంత దగ్గరో దాని గురించి. అవన్నీ నేను నాయనమ్మకు చెప్పాను. ఆ పాట చివర ఒక ఘట్టం వస్తుంది. భర్త పోయిన సంగతి బాలుకు తెలియకూడదని కథానాయిక మాధవి బొట్టు పెట్టుకుని వస్తుంది. వాన జోరుగా కురుస్తుంటుంది. ఆ వానకు ఆమె బొట్టు చెరిగిపోకుండా బాలు చెయ్యి అడ్డం పెడతాడు. ఈ మాట నేను మిగిలిన కథ చెప్పినంత మామూలుగానే చెప్పి ముందుకు పోబోయాను.

నాయనమ్మ నన్ను ఆపింది. “చెయ్యి నుదుటికి తగిలిందా, పైన పట్టుకున్నాడా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా తాతగారు పోయేనాటికి నాయనమ్మకు ముప్పై ఏళ్ళు కూడా లేవని నాకు తెలుసు; కాని ఆ రాత్రి దాకా ఆ సంగతిని ఆమె చూసే సినిమాలతో కలిపి ఎన్నడూ ఆలోచించలేదు. మర్నాడు బెంచీ టికెట్టు కొనుక్కుని ఆ ఒక్క క్షణం కోసం మళ్ళీ వెళ్ళాను. వచ్చి, “తగల్లేదు నాయనమ్మా, పైనే పట్టుకున్నాడు” అని చెప్పాను. “అదీ! తగిలితే చెరిగిపోయేదిగా. తీసినాయనకు తెలుసు” అంది. అంతకుమించి తన గురించి ఏమీ అనలేదు. కాని పొద్దున్నే పెరట్లో చేరిన ఆడవాళ్ళకు ఆ ఘట్టాన్ని ఆమే చెప్పింది, తన చెయ్యి ఎత్తి, పక్కింటి పిన్ని నుదుటికి బెత్తెడు ఎడంగా పట్టుకుని చూపించింది. సినిమా చూసివచ్చిన పిన్ని కూడా ఆ చూపించడం చూసి కళ్ళు తుడుచుకుంది. విశ్వనాథ్‌గారి ప్రతిభ గురించి ఆ తర్వాత నేను పత్రికల్లో ఎన్నో వ్యాసాలు చదివాను. బెత్తెడు ఎడంలో ఉన్న గౌరవాన్ని అంత చప్పున పట్టుకున్న విమర్శ వాటిలో నాకు కనిపించలేదు.

నాయనమ్మ తాను స్వయంగా చూసిన పాత సినిమాలకు వచ్చేసరికి పాత్రలు మారిపోయేవి, ఆమె చెప్పేది, నేను వినేవాణ్ణి. 1957 మార్చిలో ‘మాయాబజార్’ వచ్చినప్పుడు చూసిన ముచ్చట ఆమె ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉండేది. ఆ సినిమా మా ఊరికి తిరిగి తిరిగి వస్తూనే ఉండేది; ఎండాకాలం సెలవుల్లో ఉదయం ఆటగా వేస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వీధి మొత్తం కదిలేది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి నడక చూడమని నాయనమ్మ ప్రత్యేకంగా చెప్పి పంపేది. ఆడపిల్ల రూపంలోంచి ఎస్.వి. రంగారావు భుజాలు ఎగరవేయడం కనిపించాలి, అది కనిపించగానే మళ్ళీ సిగ్గుపడే పెళ్ళికూతురు కనిపించాలి. ఆ రెండూ ఒక్క మనిషి ముఖంలో చూపించిన సావిత్రి మన గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల అని చెప్పి మురిసిపోయేది. మామయ్యకు మాత్రం ఆ సినిమా అంతా ఒక ఎత్తు, పడవ పాటలో వెన్నెల ఒక ఎత్తు. మార్కస్ బార్ట్‌లే పట్టిన ఆ వెన్నెల తెర మీద సరిగ్గా పడాలంటే తన కార్బన్ కడ్డీలు నిలకడగా వెలగాలని, ఆ పాట నడిచినంతసేపూ దీపపు పెట్టె దగ్గరి నుంచి కదలడానికి మనసొప్పదని చెప్పేవాడు. 2010లో రంగులు వేసిన ‘మాయాబజార్’ను నేను హైదరాబాదులో చూశాను. పిల్లల్ని ఆ సినిమా దగ్గరికి చేర్చడానికి అది మంచి పనే చేసింది. ఆ వెన్నెల మాత్రం నలుపు తెలుపుల్లోనే ఉండాలని నా గట్టి నమ్మకం.

పత్రికలు మాకు ఆలస్యంగా తోడయ్యేవి. ‘విజయచిత్ర’, ‘జ్యోతిచిత్ర’, ‘సితార’ దుకాణంలో ఒకరి తర్వాత ఒకరు చదివి నలిగిపోయేవి. సమీక్ష వచ్చేసరికి అరుగు తీర్పు ఎలాగూ వచ్చేసి ఉండేది, రెండూ కలిస్తే సంతోషం, కలవకపోతే ఇంకో రాత్రికి సరిపడా వాదన. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే వేళకు నాయనమ్మ మంచం చుట్టూ పెరటి సభ చేరేది. బొమ్మ లేకుండా మాటలూ పాటలూ మాత్రమే వచ్చే ఆ కార్యక్రమంలో, నిశ్శబ్దం వచ్చిన చోటల్లా అక్కడ తెర మీద ఏం జరుగుతోందో చూసినవాళ్ళు చూడనివాళ్ళకు గబగబా అందించేవారు.

1989 అక్టోబరులో ‘శివ’ వచ్చేనాటికి నేను ఊరు విడిచి చదువుకు వెళ్ళిపోయాను. సెలవులకు వచ్చి అరుగు మీద కూర్చుంటే నా ఈడు వాళ్ళదే మాటంతా. సైకిల్ చైను లాగే ఘట్టం, మెట్ల మీదా సందుల్లోనూ మనుషుల వెంటే పరుగెత్తే స్టెడీకామ్ కెమెరా, పిడిగుద్దులకు పెట్టిన శబ్దం. పెద్దవాళ్ళు ఎక్కువగా వింటూ కూర్చున్నారు. మాస్టారు ఒక్కరే, పోట్లాటల మధ్య ఇళయరాజా చాలాచోట్ల వాద్యాలన్నీ ఆపేసి ఊరుకున్నాడని, ఊరుకోవడం కూడా సంగీతమేనని అన్నారు. కొన్నేళ్ళకు టైలరు బాబాయి దుకాణం తీసేశాడు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది.

మామయ్య ఒక్కడు మిగిలాడు. కార్బన్ కడ్డీల స్థానంలో జినాన్ దీపాలు వచ్చినా పని మానలేదు. రీళ్ళు పోయి సినిమా కంప్యూటరులోంచి తెర మీదికి రావడం మొదలయ్యాక, చుక్క కోసం కనిపెట్టుకుని ఉండే పని లేని గదిలో కూర్చోలేక మానేశాడు. ఇప్పుడు కొత్త సినిమా ఏది చూసినా ముందు ఆయనకే ఫోన్ చేస్తాను. 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ గురించి మేము మాట్లాడుకున్నంతగా ఈ మధ్యకాలంలో ఇంకే సినిమా గురించీ మాట్లాడుకోలేదు. ఇంటి పెద్ద చనిపోయాక పిండం కాకి ముట్టకపోవడం, నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంతం బావా బావమరుదులను ఏళ్ళ తరబడి విడదీయడం, ఇవన్నీ సిరిసిల్ల ప్రాంతపు మాటలోనూ ఆచారంలోనూ చెప్పిన కథ. అయినా కృష్ణా డెల్టాలో పుట్టిన మామయ్య తన ఇంటి కథ విన్నట్టు విన్నాడు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి, ఊరంతా కలిసి కూర్చుని ఆ సినిమా చూస్తున్నారని పేపర్లలో వచ్చినప్పుడు ఆయన ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. మా ఆఫీసులో అక్కడి పల్లె నుంచి వచ్చిన ఒక సహోద్యోగి ఉన్నాడని తెలిసి, తెర దేనికి కట్టారు, బొమ్మ ఎంత దూరం నుంచి వేశారు, వెనక కూర్చున్నవాళ్ళకు మాట వినిపించిందా అని నా చేత అడిగించాడు. రెండు కరెంటు స్తంభాల మధ్య తెల్లటి గుడ్డ కట్టారని, ఆట అయిపోయాక కూడా జనం లేవలేదని, తమ ఊళ్ళో చావు ఇళ్ళ దగ్గర ఆ సినిమా చివర పాడినట్టు పాడే పెద్దమనుషులెవరెవరో తలుచుకుంటూ చాలా పొద్దుపోయేదాకా కూర్చున్నారని ఆ సహోద్యోగి చెప్పాడు.

ఆ సినిమా చివర పాడిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు నిజజీవితంలోనూ బుర్రకథ కళాకారులే. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూశారన్న వార్త విని మామయ్యే నాకు ఫోన్ చేశాడు. ఆ పాట గురించే మాట్లాడుకున్నాం. “గమనించావా, పాడేవాళ్ళ కన్నా వినేవాళ్ళ ముఖాలనే ఎక్కువసేపు చూపించాడు డైరెక్టరు వేణు. పాట పని చేసేది అక్కడే కదా” అన్నాడు. నేను ఆ రాత్రే ఆ ఘట్టం మళ్ళీ పెట్టుకుని చూశాను. తెల్లవారి ఫోన్ చేసి, వినేవాళ్ళ ముఖాలు ఎక్కువన్న మాట నిజమే గాని, పాట నడుమ కొమురమ్మగారి ముఖం మీదికి కెమెరా తిరిగి వచ్చిన ప్రతిసారీ కథ ఇంకో మెట్టు ఎక్కుతోందని, ఆమె లేకపోతే ఆ ముఖాల్లో ఆ మార్పు లేదని వాదించాను. మామయ్య ఒప్పుకోలేదు. మనవడి చేత టీవీలో పెట్టించుకుని చూసి సాయంత్రం మాట్లాడతానన్నాడు.